బ్రిటన్‌లో ఎలక్ట్రిక్ కారుకి మైలుకి 3 పెన్నీలు: తరచుగా అడిగే ప్రశ్నలు

2025 నవంబర్ 26 బడ్జెట్‌లో ఛాన్సలర్ (ఆర్థిక మంత్రి) రేచల్ రీవ్స్ ఎలక్ట్రిక్ కార్లకి మైళ్ళ లెక్కన పన్ను ప్రకటించారు. అప్పటినుంచి ఇక్కడి మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఇవే సందేహాలు తిరుగుతున్నాయి. ఒకరికి జవాబు చెప్పేలోపే ఇంకొకరు అదే అడుగుతున్నారు. అందుకే అన్నీ ఒకచోట పెట్టాను. మీకు కావలసిన ప్రశ్నకి నేరుగా వెళ్ళండి. వివరాలు బడ్జెట్‌లోవీ, అదే రోజు ప్రభుత్వం విడుదల చేసిన సంప్రదింపుల పత్రంలోవీ. అమలు 2028 ఏప్రిల్‌లో కాబట్టి ఈలోపు కొన్ని మారవచ్చు.

## ముందుగా అడిగేవి

అసలు ఏంటీ కొత్త పన్ను? ఎవరు కట్టాలి?

పేరు ఎలక్ట్రిక్ వెహికల్ ఎక్సైజ్ డ్యూటీ, పొట్టిగా ఈవీఈడీ. 2028 ఏప్రిల్ నుంచి పూర్తి ఎలక్ట్రిక్ కారుకి మైలుకి 3 పెన్నీలు, ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌కి (పెట్రోల్‌తోనూ, చార్జ్ చేసిన కరెంటుతోనూ నడిచేది) 1.5 పెన్నీలు. ఆ తర్వాత ధరల సూచీని బట్టి ఏటా పెరుగుతుంది. ఇది కార్లకే. వ్యాన్లు, లారీలు, బస్సులు, మోటార్ సైకిళ్ళకి మొదట్లో లేదు.

మాది పెట్రోల్ కారు. మాకూ పడుతుందా?

పడదు. మీరు పంపు దగ్గర లీటరు లీటరుకీ ఫ్యూయల్ డ్యూటీ (ఇంధనం మీద పన్ను) ఎలాగూ కడుతున్నారు. డీజిల్ కార్లకీ, ప్లగ్ లేని మామూలు హైబ్రిడ్‌లకీ ఇదే మాట.

ఈవీ (ఎలక్ట్రిక్ కారు) కొనండి అని చెప్పింది ప్రభుత్వమే కదా, ఇప్పుడు పన్నేంటి?

ఫ్యూయల్ డ్యూటీ మీద ప్రభుత్వానికి ఏడాదికి దాదాపు 2,400 కోట్ల పౌండ్లు వస్తున్నాయి. కార్లు కరెంటుకి మారే కొద్దీ ఆ ఆదాయం కరిగిపోతుంది. రోడ్డు అరగడం, ట్రాఫిక్ పెరగడం మాత్రం అలాగే ఉంటాయి. ఈ ఖాళీ వస్తుందని ఆర్థిక శాఖకి ఏళ్ళ క్రితమే తెలుసు. పార్లమెంటు రవాణా కమిటీ 2022 ఫిబ్రవరిలోనే దీని మీద రిపోర్టు ఇచ్చి, దూరాన్ని బట్టి వసూలు చేసే పద్ధతి ఆలోచించమంది.

మీ కోపం నాకు అర్థమవుతుంది. పన్ను ఉండదనే లెక్కతో కొన్నవాళ్ళకి ఇది మాట తప్పినట్టే అనిపిస్తుంది. కానీ ఏ పన్నూ లేకుండా రోడ్డు వాడుకోవడం ఎప్పటికీ సాగేది కాదు. ఆ మాట 2020లోనే బయటికి చెప్పి ఉంటే జనం తెలిసే కొనేవాళ్ళు. ప్రభుత్వం చేసిన తప్పు అక్కడుంది.

రోడ్ ట్యాక్స్ కడుతున్నాం కదా, దాని బదులా ఇది?

బదులు కాదు, దాని పైన. 2025 ఏప్రిల్ 1 నుంచి ఎలక్ట్రిక్ కార్లకి కూడా మామూలు రోడ్ ట్యాక్స్ మొదలైంది: కొత్త కారుకి మొదటి ఏడాది 10 పౌండ్లు, తర్వాత అప్పటి రేటు ఏడాదికి 195 పౌండ్లు. ఖరీదైన కారైతే రెండో ఏడాది నుంచి ఆరో ఏడాది దాకా అదనపు మొత్తం కూడా ఉంది. ఆ అదనం పడే ధర హద్దుని ఎలక్ట్రిక్ కార్లకి మాత్రం 2026 ఏప్రిల్ నుంచి 40,000 పౌండ్ల నుంచి 50,000కి పెంచారు.

## లెక్క ఎంత

మామూలుగా ఏడాదికి ఎన్ని మైళ్ళు తిరుగుతారు?

ఇంగ్లండ్‌లో నేషనల్ ట్రావెల్ సర్వే ప్రకారం ఒక కారు సగటున 2002లో 9,200 మైళ్ళు తిరిగేది. 2019కి అది 7,400కి తగ్గింది. కోవిడ్‌లో బాగా పడిపోయి, ఇప్పుడు 7,000 దగ్గర ఉంది. ఇంటి నుంచి పని, ఆన్‌లైన్ షాపింగ్ వచ్చాక చాలామంది నిజంగానే తక్కువ తిరుగుతున్నారు.

సగటు చూసి మీ లెక్క వేసుకోకండి. మూలన ఉండి వారానికోసారి బయటికొచ్చే కారూ, రోజూ మోటార్‌వే ఎక్కే కంపెనీ కారూ కలిస్తేనే ఆ సగటు. ఎలక్ట్రిక్ కార్లు చాలావరకు కొత్తవి. కొత్త కార్లు పాతవాటికంటే ఎక్కువ తిరుగుతాయి.

నాకు ఏడాదికి ఎంత పడుతుంది?

మైళ్ళని 0.03తో గుణించండి, పౌండ్లు వస్తాయి. ఆఫీసు 20 మైళ్ళ దూరం, వారానికి 3 రోజులు వెళ్తారు, సెలవులు పోను 46 వారాలు అనుకుందాం. అది 5,520 మైళ్ళు. సరుకులు, పిల్లల క్లాసులు, ఫ్రెండ్స్ ఇళ్ళు కలిపి ఇంకో 3,000. మొత్తం 8,520 మైళ్ళకి 255 పౌండ్ల పైన, అంటే నెలకి 21 పౌండ్లు. 2028-29లో సగటు ఈవీ డ్రైవర్‌కి పడే భారం అని బడ్జెట్ లెక్కల సంస్థ ఓబీఆర్ చెప్పింది కూడా దాదాపు ఇంతే.

రెడింగ్ నుంచి బర్మింగ్‌హామ్ దగ్గరి టివిడేల్ బాలాజీ గుడికి వెళ్ళొస్తే 200 మైళ్ళ పైచిలుకు. ఆ ఒక్క దర్శనానికి ఆరు పౌండ్లు దాటుతుంది.

అయితే ఇప్పుడు పెట్రోల్ కారే చవకా?

ఇంట్లో చార్జ్ చేసుకునేవాళ్ళకి కాదు. గ్యాలన్‌కి 40 మైళ్ళు ఇచ్చే పెట్రోల్ కారు తీసుకోండి. లీటరు 1.40 పౌండ్లు అనుకుంటే మైలుకి దాదాపు 16 పెన్నీలు. అందులో ఒక్క ఫ్యూయల్ డ్యూటీయే, లీటరుకి 52.95 పెన్నీల రేటు మీద, మైలుకి 6 పెన్నీలు. అంటే ఎలక్ట్రిక్ కారుకి అడుగుతున్నది దాంట్లో సగం.

యూనిట్‌కి మూడున్నర మైళ్ళు ఇచ్చే ఈవీని రాత్రి టారిఫ్‌లో 8 పెన్నీలకి చార్జ్ చేస్తే మైలుకి 2.3 పెన్నీలు. కొత్త పన్ను కలిపినా 5.3. పెట్రోల్ ఖర్చులో మూడో వంతు.

మోటార్‌వే సర్వీసుల్లో యూనిట్ 75 పెన్నీలకి రాపిడ్ చార్జర్ వాడితే కథ తిరగబడుతుంది. కరెంటే మైలుకి 21 పెన్నీలు దాటుతుంది, పన్నుతో 24. పెట్రోల్ కంటే చాలా ఎక్కువ.

ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌కి సగమే కదా, అదే లాభమేమో?

రోజూ ప్లగ్ పెట్టేవాళ్ళకి పర్వాలేదు. కేబుల్ డిక్కీలో పడేసి పెట్రోల్ మీదే నడిపేవాళ్ళకి మాత్రం దెబ్బ: 1.5 పెన్నీలు మైలు మైలుకీ పడుతుంది, పైగా పెట్రోల్‌లో ఫ్యూయల్ డ్యూటీ కూడా కడతారు. మీరు ఎంతవరకు కరెంటు మీద నడిపారో ఈ పన్ను చూడదు.

## కొనే ముందు

2028 దాకా ఆగి, అప్పుడు చూసి కొనమంటారా?

ఈ పన్ను కోసం ఆగడం అనవసరం అని నా అభిప్రాయం. 2028 ఏప్రిల్ దాకా మైళ్ళ పన్ను లేదు. ఆ తర్వాత పడేది చాలామందికి ఏడాదికి 200 నుంచి 300 పౌండ్లు. మరోపక్క 37,000 పౌండ్ల లోపు ఉన్న అర్హత గల కొత్త ఎలక్ట్రిక్ కార్లకి 3,750 పౌండ్ల దాకా ఎలక్ట్రిక్ కార్ గ్రాంట్ ఉంది. డీలర్ దగ్గరే ధరలో తగ్గిస్తారు.

కొనాలా వద్దా అన్నది తేల్చేది ఇంటి దగ్గర చార్జింగ్, బ్యాటరీ వారంటీ, ఇన్సూరెన్స్ ప్రీమియం. ముందు ఆ మూడూ చూసుకోండి. అలా అని ఈ పన్ను ఎవరినీ వెనక్కి లాగదని కాదు. దీనివల్ల రాబోయే ఏళ్ళలో దాదాపు 4,40,000 ఎలక్ట్రిక్ కార్ల అమ్మకాలు తగ్గుతాయనీ, గ్రాంట్ లాంటి మిగతా చర్యల వల్ల 3,20,000 తిరిగి వస్తాయనీ ఓబీఆర్ అంచనా.

సాలరీ శాక్రిఫైస్ (జీతంలోంచి కోయించుకుని కంపెనీ ద్వారా తీసుకునే) కారుకి ఎవరు కట్టాలి, నేనా కంపెనీయా?

ఐటీలో ఉన్న మనవాళ్ళు ఎక్కువగా అడిగేది ఇదే. ఇలాంటి కార్లకి రిజిస్టర్డ్ కీపర్ (బండి ఎవరి పేరున నమోదై ఉందో వాళ్ళు) సాధారణంగా లీజు కంపెనీ. రోడ్ ట్యాక్స్ కూడా వాళ్ళే కట్టి నెలవారీ అద్దెలో కలిపేస్తారు. మైళ్ళ పన్ను కూడా ఏదో ఒక దారిలో మీ దగ్గరికే వస్తుందనుకుని ప్లాన్ చేసుకోండి. ఇప్పుడు మూడు, నాలుగేళ్ళకి సంతకం పెడుతుంటే ఆ కాలం 2028 ఏప్రిల్ దాటుతుంది. “ప్రభుత్వం కొత్త పన్నులు వేస్తే డ్రైవర్ భరించాలి” అనే అర్థం వచ్చే క్లాజ్ ఉందేమో కాంట్రాక్ట్‌లో వెతకండి, లేకపోతే మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. ఏటా ఇన్ని మైళ్ళే అన్న పరిమితి మీ లీజులో ఉంటే, అది దాటినప్పుడు కట్టే రుసుము వేరు, ఈ పన్ను వేరు.

కంపెనీ ద్వారా వచ్చే కారుని ఆదాయంగా చూసి మీ మీద వేసే బెనిఫిట్ పన్ను కూడా చూసుకోండి. ఎలక్ట్రిక్ కారుకి, దాని లిస్ట్ ధరలో ఆదాయంగా లెక్కించే వాటా 2025-26లో 3 శాతం. 2027-28కి 5, 2028-29కి 7, 2029-30కి 9 శాతం అవుతుంది. చాలామందికి మైళ్ళ పన్ను కంటే ఇదే పెద్ద మార్పు.

మాది ఫ్లాట్, చార్జర్ పెట్టుకునే వీల్లేదు. మా సంగతి ఏంటి?

ఈ పన్నులో అన్యాయం జరిగేది మీకే. ఇంటి కరెంటు మీద వ్యాట్ 5 శాతం, పబ్లిక్ చార్జర్ మీద 20 శాతం వసూలు చేస్తూ వచ్చారు. యూనిట్ ధర కూడా ఎన్నో రెట్లు ఎక్కువ. సొంత డ్రైవ్‌వే ఉన్న ఆయనా, అద్దె ఫ్లాట్‌లో ఉండి సూపర్ మార్కెట్ పార్కింగ్‌లో చార్జ్ చేసుకునే ఆవిడా మైలుకి అదే 3 పెన్నీలు కట్టాలి. ఒకరికి అది 2 పెన్నీల మీద 3, ఇంకొకరికి 21 పెన్నీల మీద 3. మైళ్ళ పన్ను వేసేముందు పబ్లిక్ చార్జింగ్ మీద వ్యాట్‌ని ఇంటి రేటుకి తేవాల్సింది.

మీ విషయంలో నా సలహా: ఆఫీసులో చార్జింగ్ గానీ, వీధి దీపం స్తంభానికి బిగించే నెమ్మది చార్జర్ గానీ అందుబాటులో ఉంటేనే ఈవీకి వెళ్ళండి.

## కట్టేటప్పుడు

కార్లో ట్రాకర్ పెడతారా? ఎక్కడికి వెళ్తున్నామో చూస్తారా?

పెట్టరు. ఎక్కడ, ఎప్పుడు తిరిగారన్నది అడగబోమని ప్రభుత్వం స్పష్టంగా చెప్పింది. కావలసింది ఓడోమీటర్ మీది అంకె మాత్రమే. ఈ జాగ్రత్తకి కారణం ఉంది: 2007లో బండ్లని ట్రాక్ చేస్తూ దేశమంతా రోడ్డు వాడకానికి వసూలు చేసే (రోడ్ ప్రైసింగ్) ఆలోచన వచ్చినప్పుడు ప్రధాని వెబ్‌సైట్‌లో దానికి వ్యతిరేకంగా 18 లక్షల సంతకాలు పడ్డాయి. ఆ దెబ్బకి ఆ ఆలోచన అటకెక్కింది.

ఏడాది ముందే మైళ్ళు ఎలా చెప్తాం? తప్పు చెప్తే ఫైన్ వేస్తారా?

ప్రతిపాదన ప్రకారం రోడ్ ట్యాక్స్ కట్టేటప్పుడే డీవీఎల్ఏకి (బండ్ల రిజిస్ట్రేషన్, రోడ్ ట్యాక్స్ చూసే ప్రభుత్వ సంస్థ) రాబోయే ఏడాది అంచనా చెప్తారు. ఒకేసారి కట్టొచ్చు, నెలనెలా డైరెక్ట్ డెబిట్ పెట్టుకోవచ్చు. ఏడాది చివర అసలు రీడింగ్‌తో సరిచూస్తారు. ఎక్కువ కట్టి ఉంటే తర్వాతి ఏడాదికి జమ, తక్కువైతే తేడా కట్టాలి. అంచనా అటూ ఇటూ అయితే టెన్షన్ అక్కర్లేదు.

మంచి అంచనాకి దగ్గరి దారి: ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎంఓటీ (బండికి ఏటా చేసే ఫిట్‌నెస్ పరీక్ష) హిస్టరీ పేజీ తెరిచి మీ బండి నంబర్ కొట్టండి. ప్రతి పరీక్ష తేదీ పక్కన ఆ రోజు ఎన్ని మైళ్ళో కనిపిస్తుంది. రెండు వరుస ఏళ్ళ అంకెల తేడాయే మీ ఏడాది తిరుగుడు. మనం మనసులో అనుకునే అంకెకీ ఆ తేడాకీ చాలాసార్లు పొంతన ఉండదు.

కొత్త కారుకి మూడేళ్ళ దాకా ఎంఓటీ లేదు కదా, రీడింగ్ ఎవరు చూస్తారు?

అలాంటి కార్లకి మొదటి, రెండో పుట్టినరోజు దగ్గర్లో గుర్తింపు ఉన్న గ్యారేజీలో మైళ్ళు మాత్రమే చూపించాలన్నది ప్రతిపాదన. దానికి ఫీజు ఉండదన్నారు. మూడో ఏడాది నుంచి మామూలు ఎంఓటీలోనే అయిపోతుంది.

ఓడోమీటర్ వెనక్కి తిప్పేస్తే ఎలా పట్టుకుంటారు?

ఆ పని జరుగుతూనే ఉంది, ఈ పన్ను వచ్చాక ఇంకా పెరిగే ప్రమాదం ఉంది. కానీ ఇప్పటి కార్లు మైళ్ళని డాష్‌బోర్డ్‌లో ఒక్కచోటే దాచవు, లోపల వేరే కంప్యూటర్లలో కూడా రాసి ఉంచుతాయి. ఎంఓటీ రికార్డులో పోయినేడు కంటే ఈ ఏడు అంకె తక్కువుంటే ఎవరికైనా కనిపిస్తుంది. తిప్పిన సంగతి దాచి కారు అమ్మడం నేరం కూడా. మీకు మిగిలే నాలుగు పౌండ్ల కోసం కారు విలువనే పోగొట్టుకోవద్దు.

ఇన్సూరెన్స్‌కి 6,000 మైళ్ళని చెప్పాను, నిజానికి 10,000 తిరుగుతాను. ఇబ్బందా?

ఇబ్బందే, ఈ పన్నుతో పనిలేకుండా ఇప్పుడే. తక్కువ చెప్పి ప్రీమియం తగ్గించుకున్నారని తేలితే క్లెయిమ్ తగ్గించవచ్చు, కొన్నిసార్లు తిరస్కరించవచ్చు. ఇకముందు డీవీఎల్ఏకి ఇచ్చిన అంచనా, ఎంఓటీ రీడింగ్, ఇన్సూరెన్స్ ఫారం మూడూ పక్కపక్కన పెడితే తేడా వెంటనే కనిపిస్తుంది. ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి మార్పించుకోండి.

## చేతులు మారితే, దేశం దాటితే

సెకండ్ హ్యాండ్ ఈవీ కొంటే పాత ఓనర్ మైళ్ళు నా మీద పడతాయా?

చేతులు మారిన రోజు రీడింగే కీలకం. కొన్నా అమ్మినా, తాళాలు ఇచ్చే ముందు డాష్‌బోర్డ్ ఫోటో తీయండి. మైళ్ళ అంకె, తేదీ రెండూ అందులో కనబడాలి. ఆ అంకెని రసీదులో రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. తెలిసినవాళ్ళ మధ్య అమ్మకాల్లో మనం మొహమాటానికి పోయి ఈ కాగితం వదిలేస్తుంటాం. వదలొద్దు.

సెలవులకి ఫ్రాన్స్ దాకా నడుపుకుంటూ వెళ్తే ఆ మైళ్ళకీ కట్టాలా?

ప్రతిపాదన ప్రకారం కట్టాలి. ట్రాకర్ లేదు కాబట్టి ఏ మైలు ఎక్కడిదో ఓడోమీటర్‌కి తెలియదు. ఫ్రాన్స్‌లో టోల్ కట్టి, అదే మైలుకి ఇక్కడ పన్ను కట్టడం తప్పే. ఏడాదికోసారి వెళ్ళేవాళ్ళకి కొద్దిపాటి పౌండ్లు. కానీ ఉత్తర ఐర్లండ్ సరిహద్దులో ఉండి, పని మీద రోజూ అటు ఐర్లండ్ వెళ్ళొచ్చేవాళ్ళకి ఇది నిజమైన బాధ.

## ఇది న్యాయమేనా

ఎక్కువ తిరిగితే ఎక్కువ కట్టాలనడం సరైనదేనా?

సరైనదే అని నేను నమ్ముతాను. ఏడాదికి 3,000 మైళ్ళు తిరిగే రిటైరైన పెద్దాయన, 20,000 మైళ్ళు తిరిగేవారు ఒకే రోడ్ ట్యాక్స్ కట్టడం కంటే ఇది మేలు.

నా అభ్యంతరం వేరే చోట ఉంది. పొద్దున్న ఎనిమిదింటికి లండన్ చుట్టూ ఉన్న ఎం25 మోటార్‌వే మీద ఇరుక్కున్న మైలుకీ, రాత్రి పదింటికి వేల్స్‌లో ఖాళీ రోడ్డు మీది మైలుకీ ఒకే 3 పెన్నీలు. మొదటిది వందలమంది టైం తింటుంది, రెండోది ఎవరికీ అడ్డు కాదు. 1964లో రూబెన్ స్మీడ్ నాయకత్వంలోని కమిటీ ప్రభుత్వానికి చెప్పిన విషయం ఇదే: రద్దీని బట్టి వెల కట్టాలి. 2005లో రవాణా మంత్రి అలిస్టర్ డార్లింగ్ ముందుకు తెచ్చిన ఆలోచనలో ఖాళీ రోడ్డుకి మైలుకి 2 పెన్నీలు, అత్యంత రద్దీ రోడ్డుకి 1.34 పౌండ్లు. అది మరీ ఎక్కువే, కానీ దిశ సరైనది. ఇప్పటి పన్ను ట్రాకర్ గొడవ లేకుండా తప్పించుకుంది, దాంతో ట్రాఫిక్ తగ్గించే శక్తినీ వదులుకుంది. కారు బరువుని కూడా పట్టించుకోదు.

బస్సులు లేని పల్లెల్లో ఉండేవాళ్ళు ఏం చేయాలి?

వాళ్ళకి కారు తప్పనిసరి, దూరాలూ ఎక్కువ. కానీ పెట్రోల్‌తో అయితే వాళ్ళు మైలుకి ఇంకా ఎక్కువే కడతారు, పైగా పల్లెల్లో సొంత పార్కింగ్, ఇంటి చార్జింగ్ ఉండేవాళ్ళే ఎక్కువ. నాకు దిగులు ఇంటింటికీ తిరిగి పనిచేసే కేర్ వర్కర్ల గురించి. ఆ పనిలో మనవాళ్ళూ చాలామందే ఉన్నారు. వాళ్ళలో పాత పెట్రోల్ కారు నడిపేవాళ్ళకి ఇప్పుడు తేడా లేదు. రేపు వాళ్ళు సెకండ్ హ్యాండ్ ఈవీకి మారినప్పుడు ఒక పేషెంట్ ఇంటి నుంచి ఇంకొకరి ఇంటికి వెళ్ళే ప్రతి మైలుకీ యజమాని సరిగ్గా చెల్లించాలి. ఆ మైళ్ళు రాసిపెట్టుకోండి.

లండన్ కంజెషన్ ఛార్జ్ కట్టేవాళ్ళకి మినహాయింపు ఉందా?

లేదు, రెండిటికీ సంబంధం లేదు. కంజెషన్ ఛార్జ్ లండన్ రవాణా సంస్థది, సెంట్రల్ లండన్‌లోకి వెళ్ళిన రోజుకి పడేది. 2026 జనవరి 2 నుంచి అది రోజుకి 18 పౌండ్లు, ఎలక్ట్రిక్ కార్లకి అంతకుముందు ఉన్న పూర్తి మినహాయింపు పోయింది. ఆటో పే పెట్టుకుంటే 25 శాతం తగ్గి 13.50.

ఈ డబ్బు గుంతలు పూడ్చడానికే పెడతారా?

పన్నుగా వచ్చే ప్రతి పౌండూ మొత్తం ఖజానాలోకే. రోడ్డు కోసమని విడిగా పెట్టిన నిధి పద్ధతి 1930లలోనే పోయింది. 2028-29లో 110 కోట్ల పౌండ్లు, 2030-31కి 190 కోట్లు వస్తాయని ఓబీఆర్ అంచనా. అందులో కొంతైనా స్థానిక రోడ్లకి రాసిస్తే జనం మనస్ఫూర్తిగా కడతారు.

వేరే దేశాల్లో ఎక్కడైనా నడుస్తోందా?

న్యూజిలాండ్‌లో డీజిల్ బండ్లు 1970ల నుంచీ దూరానికి కడుతున్నాయి. 2024 ఏప్రిల్ 1 నుంచి ఎలక్ట్రిక్ కార్లూ చేరాయి: 1,000 కిలోమీటర్లకి 76 న్యూజిలాండ్ డాలర్లు, ముందే కొనుక్కోవాలి. ఐస్‌లాండ్ 2024లో ఈవీలతో మొదలుపెట్టి, 2026 నుంచి అన్ని బండ్లకీ కిలోమీటర్ రుసుము తెచ్చింది. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం 2021లో తెచ్చిన పన్నుని 2023 అక్టోబర్‌లో ఆ దేశ అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు కొట్టేసింది, రాష్ట్రానికి ఆ అధికారం లేదని. అమెరికాలో ఒరెగాన్ 2015 నుంచి ఇష్టమైనవాళ్ళు చేరే పద్ధతి నడుపుతోంది.

ఇండియాలో కూడా ఇలా వస్తుందా? ఊళ్ళో నాన్నగారు అడుగుతున్నారు.

అక్కడ వచ్చే మార్పు టోల్‌లో, అది కూడా జాతీయ రహదారుల మీదే. 2024 సెప్టెంబర్‌లో నిబంధనలు మార్చి, ఉపగ్రహం ద్వారా తిరిగిన దూరానికే టోల్ తీసుకునే వీలు కల్పించారు. అలాంటి పరికరం ఉన్న బండికి రోజుకి ఒక్కో వైపు మొదటి 20 కిలోమీటర్లు ఉచితం. 2025 మే 1 నుంచి దేశమంతా మొదలవుతుందని ప్రచారం జరిగితే అలాంటి నిర్ణయమేదీ లేదని కేంద్రం ప్రకటించింది. 2025 ఆగస్టు 15 నుంచి సొంత కార్లకి ఫాస్టాగ్ వార్షిక పాస్ వచ్చింది. 3,000 రూపాయలతో మొదలైన ఆ పాస్ ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. హైదరాబాద్-విజయవాడ దారిలో పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు మూడు టోల్ గేట్లు, కాబట్టి ఒకవైపు ప్రయాణం మూడు ట్రిప్పుల కింద లెక్క. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్ మీద ఆ పాస్ చెల్లదని నాన్నగారికి చెప్పండి.